వాన పడితే, వాన పడితేనే

హనుమకొండలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఆనర్స్ డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ కోర్సు మొదలైన రోజున, తల్లిదండ్రులు కూడా ఉన్న సభలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. పొద్దున్నే బస్సెక్కి మహబూబాబాద్ నుంచి, ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు మరీ మరీ నమస్కారం. ఇంజనీరింగ్ కాలేజీలో ఒక కోర్సు మొదలవుతుంటే అమ్మానాన్నలను పిలవడమేమిటని కొందరు పిల్లలు అనుకుని ఉంటారు. నేనే పిలవమన్నాను. ఈ ఏడాది మీ పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒకే కాగితం ముందు గంటల తరబడి కూర్చుంటారు. చాలాసేపు ఏమీ రాయరు. రాసింది కొట్టేస్తారు. అది చూసి మీరు టెన్షన్ పడకూడదు. వాళ్ళు ఏం చేస్తున్నారో మీకు ముందే చెప్పాలని పిలిచాను.

పిల్లలూ, మీరందరూ ఈఏపీసెట్ రాసి వచ్చారు. మీ ఇళ్ళల్లో ఇప్పటికీ దాన్ని ఎంసెట్ అనే అంటారు. 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ప్రశ్నకు 68 సెకన్లు కూడా పూర్తిగా లేవు. ఆప్షన్లలో మూడు తప్పని తెలిస్తే చాలు, నాలుగోది ఎందుకు ఒప్పో తెలియకపోయినా మార్కు పడుతుంది. రెండేళ్ళు రాత్రీపగలూ ఆ పని నేర్చుకున్నారు. అది చిన్న పని కాదు. ఎంత కష్టపడితే ఇక్కడిదాకా వచ్చారో నాకు తెలుసు. కానీ ఈ కోర్సులో ఒక్క ప్రశ్నకు వారం రోజులు ఇస్తాను. జవాబు మొదటి సాయంత్రమే దొరకవచ్చు. మిగతా రోజులన్నీ ఇంకో ప్రశ్నకు. ఆ ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎట్లా తెలుసు?

ముందు ఈ పేరు సంగతి. చెరువులో నీళ్ళను కొలుస్తాం. చెరువులను లెక్కపెడతాం. కొలిచే వాటి గణితం మీరు ఇంటర్లో చదివారు, కాలిక్యులస్ అంటే అదే. లెక్కపెట్టే వాటి గణితం డిస్క్రీట్ మ్యాథమెటిక్స్. ఒకటి తర్వాత రెండు, మధ్యలో ఏమీ లేదు. ఉంది లేదా లేదు, మధ్యలో ఏమీ లేదు. కంప్యూటర్ లోపల ఉన్నవన్నీ ఇటువంటివే కాబట్టి మనకు ఈ గణితం కావాలి.

మొదటి నెల అంతా తర్కం. అది ఎక్కడి నుంచో తెచ్చుకునేది కాదు, మన నోట్లోనే ఉంది. వానాకాలంలో మా ఊళ్ళో రెండు మాటలు వినేవాణ్ణి. ‘వాన పడితే మత్తడి దుంకుతుంది.’ ‘వాన పడితేనే మత్తడి దుంకుతుంది.’ మత్తడి దుంకడమంటే చెరువు నిండి అలుగు మీంచి నీళ్ళు పొర్లడం. రెండింటికీ తేడా ఒక్క ‘నే’. ఆ ఒక్క అక్షరం అర్థాన్ని తలకిందులు చేస్తుంది. మొదటి మాట, వాన పడడం ఒక్కటి చాలు అంటోంది. రెండో మాట, వాన లేనిదే ఆ పని జరగదు అంటోంది, వాన పడినా జరుగుతుందని మాత్రం హామీ ఇవ్వడం లేదు. మొదటిదాన్ని అబద్ధమని చూపించాలంటే వాన పడ్డాక కూడా మత్తడి దుంకని రోజును చూపించాలి. రెండోదాన్ని అబద్ధమని చూపించాలంటే వాన లేకుండా, పై చెరువు తూము ఎత్తడం వల్ల మత్తడి దుంకిన రోజును చూపించాలి. ఒక మాట అర్థమైందో లేదో చూసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే: అది అబద్ధం కావాలంటే లోకంలో ఏం జరగాలి?

ఇప్పుడు చెరువు గట్టు మీది నుంచి కంప్యూటర్ ముందుకు రండి. ‘పాస్‌వర్డ్ సరైనదైతే లోపలికి రానివ్వాలి’ అని మీకు చెప్పారు. మీరు వచ్చిన ప్రతివాళ్ళనూ లోపలికి రానిచ్చే ప్రోగ్రామ్ రాశారు. చెప్పిన మాటను తప్పారా? లేదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినవాళ్ళు లోపలికి వస్తూనే ఉన్నారు. ‘సరైనదైతేనే రానివ్వాలి’ అన్నారనుకోండి. ఎవ్వరినీ రానివ్వని ప్రోగ్రామ్ రాసినా మాట తప్పినట్టు కాదు. రెండు మాటలూ కలిస్తేనే తాళం తాళంలా పనిచేస్తుంది. ఇంగ్లిష్‌లో ఈ తేడా చెప్పడానికి పిల్లలు తడబడతారు. తెలుగులో రెండో తరగతి పిల్లవాడికి కూడా ‘అన్నం తింటే ఆడుకోవచ్చు’, ‘అన్నం తింటేనే ఆడుకోవచ్చు’ అనే మాటల తేడా తెలుసు.

అట్లాగని మన భాష అన్ని చోట్లా తేటగా ఉంటుందని చెప్పను. ‘ప్రతి ఊరికీ ఒకే చెరువు ఉంది’ అన్నామనుకోండి. ఏ ఊరి చెరువు ఆ ఊరిదే, రెండోది లేదు అని ఒక అర్థం. ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్నది ఆ ఒక్క చెరువే అని ఇంకో అర్థం. ‘అందరూ రాలేదు’ అంటే కొందరే వచ్చారా, ఒక్కరూ రాలేదా? గుర్తులు పుట్టింది ఈ చిక్కు తీయడానికే. తలకిందులైన ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరం (∀), వెనక్కి తిరిగిన ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం (∃) మీ పాఠ్యపుస్తకంలో కనిపిస్తాయి. వాటిని చూసి బెదరకండి. అవి ‘ప్రతి’, ‘ఉంది’ అనే రెండు మాటలు, అంతే. ఏది ముందు వస్తుందన్నదే విషయమంతా. ‘అందరూ పాసయ్యారు’ అనే మాటకు వ్యతిరేకం ‘అందరూ ఫెయిలయ్యారు’ కాదు, ‘ఒక్కరైనా ఫెయిలయ్యారు’ అనేది. ఇటువంటి నియమాలకు పేరుపడ్డ గణితజ్ఞుడు డిమోర్గాన్ 1806లో పుట్టింది మన మదురైలో.

ఇక లెక్కపెట్టడం. ఇక్కడ కాసేపు ఆగుతాను. నాకు ఈ కోర్సులో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

పదో తరగతి తెలుగులో ఛందస్సు చదివారు కదా. మార్కుల కోసం గణవిభజన చేసి వదిలేశారు. మళ్ళీ ఒకసారి తీయండి. అక్షరం పలకడంలో రెండే రకాలు: పొట్టిది లఘువు, పొడుగుది గురువు. ‘ల’, ‘గ’ అని రాద్దాం. మూడక్షరాల గణాలు ఎన్ని? ఒక్కో చోట రెండు వీలు, మూడు చోట్లు, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఆ ఎనిమిదీ గుర్తుండడానికి మీ తెలుగు సారు ఒక మాట నేర్పించారు: యమాతారాజభానసలగం. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకుంటే ఆ గణం వస్తుంది. యమాతా అంటే య గణం, లగగ. మాతారా అంటే మ గణం, గగగ. ఎనిమిది గణాలు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు, ఒక్కటీ తప్పిపోలేదు, అక్షరాలేమో పదే.

ఇంతకన్నా పొట్టి మాట ఉంటుందా? ఎట్లా తెలుసు? ఆలోచించండి. మొదటి మూడు అక్షరాలతో ఒక గణం వస్తుంది. ఆ తర్వాత చేర్చే ప్రతి అక్షరంతో మహా అయితే ఇంకొక్క కొత్త గణం వస్తుంది. మిగిలినవి ఏడు గణాలు. కాబట్టి మూడు, ఏడు, పది. తొమ్మిదితో కుదరదు. లోకంలోని తొమ్మిదక్షరాల మాటలన్నీ వెతికి చూడలేదు, ఐనా కుదరదని మనకు తెలుసు. నిరూపణ అంటే ఇదే. రెండు వాక్యాలు పట్టింది.

ఇంకో సంగతి గమనించండి. ఆ మాట చివర ‘లగం’ అని ఉంది, మొదట ‘యమా’ అని ఉంది. రెండూ లఘువు, గురువు. తోక వచ్చి తలను తాకింది. అది గుండ్రంగా కూర్చిన ఎనిమిది పూసల దండ. నాలుగక్షరాల వరుసలు పదహారు ఉంటాయి, వాటికీ ఇటువంటి దండ ఉంటుందా? దీనికి జవాబు చెప్పాలంటే 1736లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు రాసిన దాని దగ్గరకు పోవాలి. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఏడు వంతెనలుండేవి. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ అన్నీ చుట్టిరాగలమా అని ఆ ఊరివాళ్ళ ప్రశ్న. కుదరదని ఆయన చూపించాడు. నాలుగు నేలముక్కల్లో ఒకదానికి ఐదు వంతెనలు, మిగతా వాటికి మూడేసి. నడకలో మధ్యన తగిలే చోటికి ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోవాలి కాబట్టి అక్కడ దారులు జతలుగా ఉండాలి. ఐదూ, మూడూ బేసి సంఖ్యలు. కథ అయిపోయింది.

ఇప్పుడు మన ఎనిమిది గణాలను ఎనిమిది ఊళ్ళనుకోండి. య గణం లగగ. మొదటి అక్షరం వదిలేసి చివర ఇంకో అక్షరం చేర్చండి. గగల వస్తుంది, లేదా గగగ వస్తుంది. అంటే యగణం ఊరి నుంచి తగణం ఊరికి ఒక దారి, మగణం ఊరికి ఇంకో దారి. ప్రతి ఊరి నుంచీ పోయే దారులు రెండు, వచ్చే దారులూ రెండే. ఒక్కో దారి ఒక నాలుగక్షరాల వరుస. మొత్తం పదహారు దారులు. వచ్చేవీ పోయేవీ సమానంగా ఉండి, ఏ ఊరి నుంచైనా ఏ ఊరికైనా పోగలిగితే, అన్ని దారులనూ ఒక్కొక్కసారే తొక్కి బయల్దేరిన చోటికి రావచ్చు. కాబట్టి పదహారు పూసల దండ ఉంది. నేను ఇంకా కూర్చి చూపించలేదు, ఐనా ఉందని తెలుసు. ఈ దండల మీద 1946లో వ్యాసం రాసిన డిబ్రాయిన్ పేరే ఇప్పుడు వీటికి ఉంది. జన్యువుల ముక్కలను వరుసగా అతికి మొత్తం జీనోమ్‌ను చదివే ప్రోగ్రాముల్లో ఇవే ఊళ్ళు, ఇవే దారులు వాడతారు.

సరే, పద్యానికి వద్దాం. పాలకుర్తి, బమ్మెర ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఇప్పుడవి ఒకే మండలంలో ఉన్నాయి. ఒక ఊరు ద్విపద రాసిన సోమనాథుడిది, ఇంకో ఊరు సీసం రాసిన పోతనది. యతిప్రాసలు పక్కన పెట్టి గురులఘువుల వరుసలను మాత్రమే లెక్కపెడదాం. సూర్యగణాలు రెండు: న గణం లలల, హ గణం గల. ఇంద్రగణాలు ఆరు: నగ (లలలగ), సల (లలగల), నల (లలలల), భ (గలల), ర (గలగ), త (గగల). ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదానికి ఐదూ సూర్యగణాలే. వేమన పద్యాలకు చివర వచ్చే మకుటాన్ని విభజించి చూడండి, ఐదు సూర్యగణాలు కనిపిస్తాయి.

బేసి పాదం ఎన్ని రకాలుగా నడవగలదు? 2×2×2×6×6, అంటే 288. సరి పాదం 32. నాలుగు పాదాల ఆటవెలదికి మొత్తం నడకలు 8 కోట్ల 49 లక్షల 34 వేల 656. తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. మళ్ళీ 288. నాలుగు పాదాలూ అట్లాగే కాబట్టి 687 కోట్ల 97 లక్షల 7 వేల 136. సీసంలో ఒక్క పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు: 1,86,624. ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అంటే 432. రెండు పాదాలు కలిపితే మళ్ళీ 1,86,624! పోతన సీసంలో ఒక్క పాదానికి ఎన్ని నడకలున్నాయో సోమనాథుడి ద్విపద ఒక్కదానికి సరిగ్గా అన్నే. ఇది కాకతాళీయం కాదు. రెండింట్లోనూ ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలే ఉన్నాయి, కూర్చున్న చోట్లు వేరు. సీసంలో నాలుగో చోటి ఇంద్రగణాన్నీ ఏడో చోటి సూర్యగణాన్నీ అటుదిటు మారిస్తే ద్విపద అవుతుంది. తిరిగి మారిస్తే సీసం. అంకెలు వేయకుండానే రెండూ సమానమని చెప్పవచ్చు. లెక్కపెట్టకుండా లెక్కతేల్చడం అంటే ఇది.

మామూలు కోర్సు ఇక్కడ ఆగిపోతుంది. ఆనర్స్ ఇక్కడ మొదలవుతుంది. ఒకసారి క్లాసులో ఈ లెక్క వేసి డస్టర్ తీసుకుంటుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, ‘సార్, ఒకే వరుసను రెండుసార్లు లెక్కపెట్టలేదని ఎట్లా తెలుసు?’ అని అడిగింది. నేను డస్టర్ కింద పెట్టేశాను. ఎందుకంటే ఆ అనుమానం నిజమైన అనుమానం. ఏడు లఘువులు వరుసగా రాయండి: లలలలలలల. దీన్ని మూడు, నాలుగుగా విడగొడితే సూర్యగణం, తర్వాత ఇంద్రగణం. నాలుగు, మూడుగా విడగొడితే ఇంద్రగణం, తర్వాత సూర్యగణం. ఒకే వరుస రెండు రకాలుగా విడిపోయింది. మరి ఆటవెలది పాదంలో ఇటువంటిది జరగదని ఎవరు చెప్పారు? జరిగితే 288 తప్పు.

నిరూపణ ఇదిగో. పాదంలో మొదటి చోట సూర్యగణం ఉండాలని నియమం. వరుస గురువుతో మొదలైతే అది గల మాత్రమే కాగలదు, లఘువుతో మొదలైతే లలల మాత్రమే. కాబట్టి మొదటి గణం ఎక్కడ ముగుస్తుందో సందేహం లేదు. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగో చోట ఇంద్రగణం ఉండాలి. గురువుతో మొదలైతే భ, ర, త, మూడూ మూడక్షరాలవే. లఘువుతో మొదలైతే నగ, సల, నల, మూడూ నాలుగక్షరాలవే. మొదటి అక్షరం చూడగానే ఎన్ని అక్షరాలు కోయాలో తెలిసిపోతుంది. ఐదో చోటా అదే పద్ధతి. ఎక్కడా రెండు దారులు లేవు. ఒక వరుసకు ఒకే విభజన. 288 నిజం.

ఒక చోట రాగల గణాల్లో ఏదీ ఇంకోదానికి తల కాకపోవడం అనే ఈ గుణం మీద 1952లో హఫ్‌మన్ కనిపెట్టిన కోడ్ నడుస్తుంది. మీ ఫోన్లో ఫోటో జేపెగ్‌గా చిన్నదై కూర్చుందంటే అందులో ఆ కోడ్ పని ఉంది. సున్నాలూ ఒకట్లూ ఎడతెగకుండా వస్తుంటే ఎక్కడ ఒక గుర్తు ముగిసి ఇంకోటి మొదలైందో ఫోన్‌కు ఎట్లా తెలుసు? మన కవికీ, పద్యం వినే రైతుకూ తెలిసినట్టే తెలుసు.

తర్వాత గ్రాఫులు. వంతెనలు చెప్పాను కాబట్టి ఇక్కడ ఒక్క సంగతే. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు మీకు తెలుసు. పాకాల, రామప్ప, లక్నవరం పెద్దవి. వాటికింద ఊరూరా చిన్న చెరువులు, ఒకదాని మత్తడి నీళ్ళు ఇంకోదాంట్లోకి. చెరువును చుక్క, మత్తడి కాలువను బాణం అనుకుంటే అదొక గ్రాఫ్. ఆ బాణాల వెంట పోయి బయల్దేరిన చెరువుకే తిరిగి రాలేరు. ఎందుకంటే నీళ్ళు పల్లానికే పోతాయి, ప్రతి బాణం దగ్గరా ఎత్తు తగ్గుతూనే ఉంటుంది. ఇప్పుడు ఈ గొలుసులో పైనుంచి ఏ చెరువు నీళ్ళూ రాని చెరువు కనీసం ఒకటి తప్పక ఉంటుంది. ఎట్లా తెలుసు? ఏదో ఒక చెరువు దగ్గర నిలబడండి. దానికి నీళ్ళిచ్చే చెరువు దగ్గరకు ఎదురెక్కండి. మళ్ళీ దాని పై చెరువుకు. ఎత్తు పెరుగుతూనే ఉంది కాబట్టి చూసిన చెరువు మళ్ళీ తగలదు. చెరువులు లెక్కకు కొన్నే. కాబట్టి ఎక్కడో ఆగాలి. ఆగిన చోటే ఆ చెరువు.

దాన్ని ఒకటో నంబరుగా రాసి పక్కన పెట్టేయండి. మిగిలిన వాటిలో మళ్ళీ అటువంటిది ఒకటి ఉంటుంది, అది రెండు. ఇట్లా అన్నిటికీ వరుస కట్టవచ్చు. మా ఊళ్ళో చెరువు నీళ్ళు చూసుకునే నీరటి తాతకు ఈ వరుస నోటికి వచ్చు. ఎక్కడ వాన పడిందో చెబితే ఏ చెరువు తర్వాత ఏ చెరువు మత్తడి దుంకుతుందో వేళ్ళ మీద చెప్పేవాడు. ‘మన చెరువు నిండేది ఏడోది, ఇంకా పొద్దుంది, పోయి అన్నం తినండి’ అనేవాడు. చీకట్లో లాంతరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తు. మీరు కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏ ప్యాకేజీ ముందు, ఏది తర్వాత అని తేల్చేది ఇదే పద్ధతి. టొపలాజికల్ సార్ట్ అంటారు. ఎక్సెల్ షీట్లో ఒక గడి ఇంకో గడి మీద, అది తిరిగి మొదటి గడి మీద ఆధారపడితే ఎక్సెల్ ఒప్పుకోదు. నీళ్ళు తిరిగి ఎత్తుకు ఎక్కమన్నట్టు అది.

ఇక ప్రోగ్రామ్ నిరూపణ. అకారాది క్రమంలో పది లక్షల పేర్లున్నాయి. మధ్య పేరు చూసి, మనకు కావలసింది అటో ఇటో తేల్చుకుని, సగం వదిలేసి వెతుకుతూ పోతే 20 సార్లలో తేలిపోతుంది. బైనరీ సెర్చ్, మీ అందరికీ తెలిసిందే. వెతకాల్సిన భాగానికి రెండు చివర్లా రెండు వేళ్ళు పెట్టారనుకోండి. ఈ పద్ధతి సరైనదని చెప్పడానికి ఒక్క వాక్యం పట్టుకుని ఉండాలి: ‘ఆ పేరు ఈ జాబితాలో ఉంటే, ఈ రెండు వేళ్ళ మధ్యే ఉంది.’ మొదట నిజం. ప్రతి అడుగుకూ నిజంగానే ఉంటుంది. వేళ్ళ మధ్య దూరం తగ్గుతూ పోతుంది. మీరు ఇంటర్లో సూత్రాల మీద వాడిన గణితానుగమనాన్ని ఇక్కడ ప్రోగ్రామ్ మీద వాడతాం.

ఐతే 2006లో ఒక విషయం బయటికి వచ్చింది. జావా లైబ్రరీలో ఏళ్ళ తరబడి అందరూ వాడుతున్న బైనరీ సెర్చ్‌లోనే తప్పుంది. మధ్య చోటు కనుక్కోవడానికి రెండు వేళ్ళ స్థానాలనూ కూడి సగం చేస్తారు. గణితంలో అది ఎప్పుడూ ఒప్పే. కానీ 32 బిట్ల డబ్బాలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే పడుతుంది. జాబితా చాలా పెద్దదై కూడిక అంతకు మించితే ఫలితం రుణసంఖ్య అవుతుంది. కూడే బదులు, ఎడమ వేలి స్థానానికి వాటి మధ్య దూరంలో సగం కలిపితే సరిపోతుంది. ఇది చెప్పినప్పుడు కొందరు పిల్లలు ‘మరి నిరూపణ ఉండి ఏం లాభం సార్’ అంటారు. నిరూపణ అబద్ధం చెప్పలేదు. అది ఎల్లలు లేని సంఖ్యల గురించి మాట్లాడింది. డబ్బాకు ఎల్ల ఉందని మనం దానికి చెప్పలేదు. నిరూపణ మొదటి వాక్యంలో ‘ఇది ఇట్లా ఉందనుకుందాం’ అని రాస్తాం చూడండి, ఆ వాక్యాన్ని అన్నిటికన్నా ఎక్కువసార్లు చదవండి.

నేను చదువుకునే రోజుల్లో ఒక నిరూపణలో ‘ఇది స్పష్టమే’ అని రాసి ముందుకు పోయాను. మా గురువుగారు ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి కాగితం తిరిగి ఇచ్చారు. ఇంకేమీ రాయలేదు. మూడు రోజులు కూర్చున్నాక తెలిసింది, తప్పు ఆ సున్నాలోనే ఉంది. అప్పటి నుంచి ఎవరి కాగితం దిద్దినా నా కళ్ళు ముందు ఆ మాట కోసమే వెతుకుతాయి.

కోర్సు నడిచే తీరు త్వరగా చెప్పేస్తాను. వారానికి ఒక కాగితం. దాని గురించి ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు, రాసేటప్పుడు మాత్రం ఒంటరిగా రాయాలి. ‘ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను’ అని నిజాయితీగా రాస్తే మార్కులుంటాయి. ఆగిపోయిన చోటు కనబడకుండా మాటలతో కప్పితే ఉండవు. శుక్రవారం ఒకరు బోర్డు దగ్గర నిలబడి చెప్పాలి, మిగతావాళ్ళు ప్రశ్నలడగాలి. అడిగినవాళ్ళను ఎవరూ తక్కువగా చూడకూడదు.

(సభలో ఒక తండ్రి: ‘సార్, ఇది చదివితే పిల్లకు జాబ్ వస్తదా?’)

అన్నా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. జాబ్ వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఇంటర్వ్యూల్లో అడిగేవి చాలా వరకు గ్రాఫులూ, లెక్కపెట్టడాలే, అది నిజం. కానీ అందుకోసమే చదవమని చెప్పను. మీ జేబులో ఆధార్ కార్డు ఉంటుంది కదా, దాని మీద పన్నెండు అంకెలు. చివరి అంకె మిగతా పదకొండింటికి కాపలా. ఎవరైనా రాసేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా కంప్యూటర్ పట్టేస్తుంది. అంకెలు కూడి చూస్తే చాలదా అంటే, చాలదు. 47ను 74 అని కొడితే కూడిక మారదు. కూడికలో ముందూవెనకా తేడా లేదు. అందుకని 1969లో వెర్‌హూఫ్ అనే గణితజ్ఞుడు ఐదు మూలల బొమ్మను వాడుకున్నాడు. అటువంటి అట్టముక్కను దాని చోట్లోనే కూర్చునేట్టు తిప్పడానికీ, బోర్లించడానికీ కలిపి పది పద్ధతులున్నాయి. అంకెలూ పదే. తిప్పి బోర్లించడం వేరు, బోర్లించి తిప్పడం వేరు. ముందూవెనకా తేడా తెలిసే లెక్క దొరికింది. ఆయన పద్ధతే ఆధార్‌లో ఉంది. మీ రేషన్, మీ బ్యాంకు ఖాతా, మీ ఆసుపత్రి కార్డు ఆ నంబరుతో ముడిపడి ఉన్నప్పుడు, దాన్ని రాసేవాళ్ళకు ‘సరిగ్గా పనిచేస్తుందని ఎట్లా తెలుసు’ అని అడిగే అలవాటు ఉండాలి. ఈమధ్య ప్రోగ్రామ్‌ను యంత్రమే రాసి ఇస్తోంది. అది రాసింది ఒప్పో తప్పో చెప్పేవాళ్ళు కావాలి. మీ అమ్మాయి ఆ పని చేయగలగాలని నా కోరిక.

(ఒక విద్యార్థిని: ‘సార్, నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. నిరూపణ తెలుగులో రాయొచ్చా?’)

రాయొచ్చమ్మా. చిత్తు కాగితం మీద తెలుగులోనే రాయి. బోర్డు దగ్గర తెలుగులో చెప్పు. పరీక్షలో ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తుంది, దానికి తర్జుమా నేర్పించడం నా పని. 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరుడు అనే గణితజ్ఞుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇన్నింటిలోంచి ఇన్నింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు అనే లెక్కకు మహావీరుడు 9వ శతాబ్దంలోనే సూత్రం చెప్పాడు. గణితానికి తెలుగు కొత్త కాదు. నువ్వు ‘పడితే’కు, ‘పడితేనే’కు తేడా తెలిసి ఇక్కడికి వచ్చావు, మొదటి నెల పాఠంలో సగం నీకు వచ్చేసినట్టే.

సమయం అయిపోయింది. మొదటి వారం కాగితం ఇప్పుడే ఇచ్చేస్తాను, రాసుకోండి. తేటగీతి పాదం నడకలు 288, ఆటవెలది బేసి పాదం నడకలు 288 అన్నాం. ఏ వరుసకైనా ఒకే విభజన అని ఆటవెలది బేసి పాదానికి నిరూపించాం, తేటగీతికీ అదే పద్ధతి. ప్రశ్న ఇది: ఒకే గురులఘువుల వరుస, ఒక రకంగా విడగొడితే తేటగీతి పాదం, ఇంకో రకంగా విడగొడితే ఆటవెలది బేసి పాదం అయ్యేట్టు ఉంటుందా? రెండు పాదాలకూ మొదటి గణం సూర్యగణమే కాబట్టి దాన్ని తీసి పక్కన పెట్టి మొదలుపెట్టండి. ఉందంటే ఒక్కటి చూపిస్తే చాలు. లేదంటే ఒక్కటీ ఎందుకు ఉండదో చెప్పాలి. వచ్చే సోమవారం కాగితాలు నా బల్ల మీద ఉండాలి.